బుధవారం గదికి తాళం

గది తాళం మార్చిన అయ్యల్లారా, ఎకార్ట్‌ను చంపింది మీరే!

మంగళవారం వంటింట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. రెండు రోజులు ప్రాణంతోనే ఉన్నాడని డాక్టరే చెప్పాడు. పదకొండో రోజున పై అంతస్తావిడ వాసన వస్తోందని చెబితే తలుపు పగలగొట్టారు. మా గది తెరిచి ఉంటే బుధవారమే దొరికేవాడు.

మేం జర్మనీ బొగ్గు గనుల ఊరు గెల్సెన్‌కిర్షెన్‌లో బొగ్గు ఎలుగులం. మగవాళ్ళను ప్రేమించే మగవాళ్ళం. గడ్డాలు, బొజ్జలు, ఒళ్ళంతా వెంట్రుకలు. ఎలుగులని మాకు మేమే పేరు పెట్టుకున్నాం. బుధవారం ఆరింటికి ఆ గదిలో పప్పు సూపు, సాసేజి, బీరు. సూపు అయిపోయేసరికి ఎవడి కుర్చీ ఖాళీగా ఉంటే వాడి ఇంటికి ఇద్దరం వెళ్ళి తలుపు తట్టాలి. మాకు భార్యల్లేరు, తోబుట్టువులు మొహం చాటేశారు. మాకున్న దిక్కల్లా ఆ తట్టే చెయ్యే.

తప్పు మాదీ ఉంది, దాచను. ముప్పై ఏళ్ళ కిందట కిరాయి ఒప్పందం రాసేటప్పుడు మాలో ఒక్క నోర్బర్టే సంతకం పెట్టాడు. ఉక్కు ఫ్యాక్టరీలో తెలిసిపోతుందని ఒకడు, చర్చిలో తెలిసిపోతుందని ఒకడు, విడిపోయిన భార్య నా కూతురిని చూడనివ్వదని నేను, అందరం చేతులు జేబుల్లో దాచుకున్నాం. చొక్కాల మీద ఎలుగు పాదం కుట్టించుకున్నవాళ్ళం కాగితం మీద పేరు రాయలేకపోయాం.

ఫిబ్రవరిలో నోర్బర్ట్ పోయాడు. వాళ్ళ చెల్లెలు తాళంచెవులు ఆ భవనం సొంతదారు కంపెనీకి ఇచ్చేసింది, వాళ్ళు వెంటనే తాళం మార్చేశారు. ఖరీదైన ఫ్లాట్లు కట్టాలట. మేనేజరు స్టాల్‌బెర్గ్ తాపీగా అన్నాడు: "కాగితంలో ఉన్నది చచ్చిపోయినాయన ఒక్కడే. మీరెవరో నాకు తెలీదు."

వచ్చేవారం చూద్దాం, ఇంకో చోటు దొరకనీ అనుకుంటూ మూడు బుధవారాలు గడిపాం. రెండోదానికి ముందు రోజే ఎకార్ట్ పడ్డాడు.

పూడ్చిపెట్టి వస్తూ శ్మశానం గేటు దగ్గర వానలో కొట్టుకున్నంత పని చేశాం.

"కోర్టుకెళదాం," అన్నాడు రిటైరైన బడిపంతులు రూడిగర్.

"ఎవరి పేరు మీద మాస్టారూ? ఎలుగుబంటి పేరు మీదా?" ట్రాము నడిపే జెంగిజ్ అడిగాడు. ఒకరిద్దరు నవ్వబోయి ఆగిపోయారు.

"నీకేం, కుర్రాడివి. ఊళ్ళో సగం మంది నా దగ్గర చదువుకున్నోళ్ళేరా. చర్చిలో పాడతాను కూడా."

"ఎకార్టన్న కూడా మీ పక్కన నిలబడే పాడాడుగా! మీ పాటగాళ్ళలో ఒక్కడైనా పోయి తలుపు తట్టాడా?"

 రూడిగర్ గొడుగు కింద కాగితం పరిచి, పూర్తి పేరు, ఇంటి నంబరు, వీధి రాశాడు.  తర్వాత నేను రాశాను. నలభై ఒక్క మందిమి రాశాం.

శుక్రవారం మిట్టమధ్యాహ్నం అందరం మా గది ఉన్న వీధికి వెళ్ళాం. జెంగిజ్ కట్టరుతో తాళం తెంపాడు. అరగంటలో పోలీసు బండి, వెనకే స్టాల్‌బెర్గ్.

"ఏంటిది, జంతుప్రదర్శనశాలా?"

"అదైతే బాగుండేదండీ," అన్నాడు జెంగిజ్. "అక్కడ ఎలుగు చస్తే ఆ పూటే చూస్తారు."

"అసలెవరయ్యా మీరు?"

రూడిగర్ మెట్టెక్కి, క్లాసులో హాజరు పిలిచే గొంతుతో నలభై ఒక్క పేర్లూ చదివాడు. పేరు పిలవగానే ఆ మనిషి "ఉన్నాను" అని అరిచాడు. కిటికీలు తెరుచుకున్నాయి.  నా పేరు వచ్చినప్పుడు నేనూ అరిచాను. చివర రూడిగర్ ఎకార్ట్ పేరు చదివాడు. ఎవరూ పలకలేదు. పోలీసులు కూడా నేల చూశారు.

తర్వాత రూడిగర్‌నీ జెంగిజ్‌నీ పెడరెక్కలు విరిచి బండెక్కించారు. గదికి ఇనుపరేకు బిగించారు. జెంగిజ్ ఉద్యోగానికి నోటీసు వచ్చింది. మాలో డెబ్బై దాటినవాళ్ళు తొమ్మండుగురు, ఒంటరిగా, నాలుగు గోడల మధ్య. ఇంకొకడు పడితే ఎన్నో రోజున దొరుకుతాడు?

ట్రాము కార్మికులారా, విద్యార్థులారా, మీ జాలి మాకొద్దు. ఆ రేకు ఊడాలి. ఒప్పందం నలభై ఒక్క పేర్ల మీద రాయాలి. ఇద్దరి మీదా కేసులు ఎత్తెయ్యాలి. సోమవారం పొద్దున పదింటికి కంపెనీ ఆఫీసు ముందుకు రండి, వచ్చి మీ పేరు గట్టిగా చెప్పండి.