మూడో వరుస

నేను ఒక పాట కాగితాన్ని. నా మీద మాటలు తక్కువ. అయిదేసి గీతలు, ఆ గీతల మీద ఎక్కుతూ దిగుతూ నల్లటి గింజలు. ఆ గింజలు చూసి మనుషులు గొంతెత్తుతారు. నా మీద ఏం రాసి ఉందో నాకు మాత్రం తెలియదు. నా ముఖం నాకు కనపడదు కదా!

నా మీది పాట కట్టినవాడు వాల్తేరు రైల్వే బ్యాండులో క్లారినెట్ వాయించే దేవసహాయం. కోతపండుగకు చర్చిలో పాడించాలని వంద ప్రతులు అచ్చు వేయించాడు. సిరా తడి ఆరకముందే ఒక ప్రతిని, అంటే నన్ను, ఇంటికి తెచ్చి సంతకం చేసి బల్ల మీద పరిచాడు. మూడో వరుస దగ్గర ఆగిపోయాడు. "ఇక్కడ పైకి పోకూడదే" అని గొణుక్కుంటూ పెన్సిలుతో ఏదో రాశాడు. కొట్టేశాడు. ఇంకోసారి రాశాడు, అదీ కొట్టేశాడు. మళ్ళీ గట్టిగా నొక్కి రాశాడు. ఆ పోట్లు నాకు గుర్తున్నాయి, రాసిందేమిటో తెలియదు.

చర్చివాళ్ళు అచ్చులో ఉన్నట్టే నేర్చుకుని, కాగితాలు పోయాక కూడా అలాగే పాడుకుంటూ వచ్చారు. దేవసహాయం పోయాక ఇల్లు ఖాళీ చేస్తూ ఎవరో నన్ను పాత పత్రికల కట్టలో కలిపి కాగితాల కొట్లో పడేశారు.

అక్కణ్ణించి నన్ను తీసుకున్నది పేరి లక్ష్మీకాంతం. సర్వే ఆఫీసులో మ్యాపులు గీసి రిటైరైన మనిషి. పాత పాట కాగితాలు పోగుచెయ్యడం ఆయన సరదా. బీరువా నిండా ఉన్నాయి. వాటిలో ఒక్క స్వరం కూడా ఆయనకు చదవడం రాదు. "గీతలు చూడండి, ఎంత తిన్నగా ఉన్నాయో!" అని వచ్చినవాళ్ళందరికీ చూపిస్తాడు. "ఇంటినిండా సంగీతమే. చెవిన పడేది మాత్రం ఒక్క ముక్కా లేదు" అంటుంది భార్య ఇందుమతి.

ఆయన నన్ను తెచ్చిన రోజే మెత్తని రబ్బరు తీసుకుని తుడవడం మొదలుపెట్టాడు. మూడో వరుస దగ్గరికి వచ్చేసరికి "ఎవరో పిచ్చిగీతలు గీసి పాడుచేశారు" అని విసుక్కుని, అరగంట ఓపిగ్గా తుడిచాడు. నాకు హాయిగా ఉంది. ఏదో పోగొట్టుకుంటున్నట్టూ ఉంది. రెండూ ఒకేసారి ఎలా ఉంటాయో ఇప్పటికీ అర్థం కాలేదు. తరువాత నన్ను ప్లాస్టిక్ కవరులో పెట్టాడు.

మొన్న లైబ్రరీ హాల్లో ఆయన తన కాగితాలన్నీ ప్రదర్శనకు పెట్టాడు. పొద్దున్నే వచ్చిన ఒక పెద్దావిడ నా ముందు అలాగే నిలబడిపోయింది.

"ఇది మా నాన్నగారిదండీ. ఇదిగో, ఆయన సంతకం. నా పేరు సలోమి. ఆ చర్చిలో పాటలు నేర్పేది ఇప్పుడు నేనే." ఆవిడ వంగి నన్ను పరీక్షగా చూసింది. "దీని మీద పెన్సిల్ రాత ఉండాలి గదండీ?"

"ఉండేదమ్మా" అన్నాడు లక్ష్మీకాంతం గర్వంగా. "శుభ్రంగా తీసేశాను."

ఆవిడ కుర్చీ వెతుక్కుని కూలబడింది.

"మా నాన్న ఇంట్లో మూడో వరుస కిందికి దింపి పాడీవోరండీ. చర్చిలో అందరూ పైకి పాడతారు. తప్పని నేనంటే, నీకు మతిమరుపొచ్చిందమ్మా అంటన్నారు. ఈమధ్య నాకే అనుమానం. నిజంగా విన్నానా, నేనే ఊహించుకున్నానా అని. ఆయన పెన్సిలుతో దిద్దుకున్న ఆ రాత ఒక్కటే నాకు సాక్ష్యం."

లక్ష్మీకాంతం ముఖం పాలిపోయింది. తరువాత నన్ను కవరులోంచి తీసి కిటికీ దగ్గరికి తీసుకుపోయాడు. ఎండ ఏటవాలుగా పడేటట్టు పట్టుకుని భూతద్దం పెట్టాడు.

"రంగు పోయినా నొక్కు పోదమ్మా. పాత మ్యాపులు ఇలాగే చదివేవాళ్ళం" అంటూ జేబులోంచి పెన్సిలు తీశాడు. తను దాచుకున్న కాగితం మీద తానే గియ్యాలంటే ఆయనకు మనసొప్పలేదు. అయినా ఒక్కొక్క పల్లం వెంబడే గీస్తూ పోయాడు.

"ఇక్కడ గింజ కిందికి దిగింది."

"చూశారా! నే చెప్పలేదూ?"

"ఆగండమ్మా. దాన్ని కొట్టేశారు. పైన పెట్టారు. అదీ కొట్టేశారు. మళ్ళీ కింద పెట్టారు. దీని మీద కూడా ఒక అడ్డగీత ఉంది. కొట్టివేతో, చెయ్యి జారిందో తెలియడం లేదు."

ఇద్దరూ నన్నే చూస్తున్నారు. నేనేం చెప్పను? ఎటు పోవాలో నాకు మాత్రం ఎవరు చెప్పారు?

ఉన్నట్టుండి సలోమమ్మ పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"అయితే మా నాన్నకే తేలలేదన్నమాట! నాకు మతి పోయిందనుకుని బెంగపడిపోతన్నానండీ."

ఆవిడ నన్ను ఒళ్ళో పెట్టుకుని మూడో వరుసను కిందికి దింపి పాడింది. తరువాత పైకి తీసి పాడింది. పేపరు చదువుకుంటున్నవాళ్ళు తలలు తిప్పి చూశారు.

"మీకేది బాగుందండీ?" అని అడిగింది.

లక్ష్మీకాంతం కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"తెలియడం లేదమ్మా. ఇంకోసారి పాడండి."