అర యూరో తేడా

శుక్రవారం మధ్యాహ్నం షిఫ్టు దిగి ఫోను తీసేసరికి ఇంటావిడ సందేశం వచ్చి ఉంది. ఇల్లు అద్దెకు ఇవ్వడం కుదరదు, సోమవారం సంతకాలకు రావద్దు అని.

దొనాతా లకాప్రా బట్టలు మార్చుకునే గదిలో బెంచీ మీద కూలబడింది. అదే సందేశాన్ని మళ్లీ మళ్లీ చదివింది. ఎన్నిసార్లు చదివినా అదే మాట.

ఆ ఇల్లు పోతే పోయేది రెండు గదులు మాత్రమే కాదు. ఏడేళ్ల కూతురు నున్జియా దక్షిణాన లుకానియాలో అక్క ఫిలొమెనా దగ్గర పెరుగుతోంది. పిల్ల తండ్రి ఏనాడో వెళ్లిపోయాడు. ఉత్తరాన బొలోన్యా పక్కన ప్యాకింగ్ యంత్రాల ఫ్యాక్టరీలో దొనాతాకి జనవరిలో పర్మినెంటు ఉద్యోగం దొరికింది. సెప్టెంబరులో బడి తెరిచేనాటికి పిల్లను తెచ్చుకోవాలంటే అంతకుముందే సొంతంగా ఒక చిరునామా ఉండాలి. ఇప్పుడుంటున్నది ఇద్దరు నర్సులతో పంచుకున్న వాటా. అందులో పిల్లల్ని ఉండనివ్వరు. మార్చి నుంచి ఇళ్లు వెతుకుతూనే ఉంది. దక్షిణాది యాస వినబడగానే కొందరు, పిల్ల ఉందనగానే ఇంకొందరు, ఇల్లు నిన్ననే ఇచ్చేశామన్నారు. కాస్తెల్ మజ్జోరెలో ఉండే అర్జియా మొనారి అనే పెద్దావిడ ఒక్కతే సరేనంది.

దొనాతా వెంటనే ఫోను చేసింది. అర్జియా కోప్పడలేదు. అందుకే దొనాతాకి ఎక్కువ భయం వేసింది. మీ ఫ్యాక్టరీ నుంచి ఒకాయన ఫోను చేశాడని, పోయిన చలికాలం హీటింగుకి ఎంతైందని అడిగాడని, మీరు వేసుకున్న నెల ఖర్చుల లెక్కలో అది లేనే లేదని ఆయన మాటల్లో తెలిసిందని చెప్పింది.

"నాకు ఒకసారి చెయ్యి కాలిందమ్మా. ఇంతకుముందు అద్దెకున్నాయన ఏడాది పాటు అద్దె ఎగ్గొట్టాడు. ఖాళీ చేయించడానికి కోర్టు చుట్టూ తిరిగాను. రేపు మధ్యాహ్నం ఒక జంట ఇల్లు చూడ్డానికి వస్తున్నారు. ఏమీ అనుకోకండి."

ఫోను చేసిందెవరో దొనాతా అడగలేదు. ఆమె లెక్క చూసినవాడు ఒక్కడే. ఇవానో జనరీని, యూనియన్ ప్రతినిధి. నిన్న క్యాంటీనులో లజాన్యా తింటూ ఆ కాగితం మొత్తం చదివాడు. బాగుందనీ అనలేదు, బాగోలేదనీ అనలేదు. ఇంటావిడ పేరేమిటని మాత్రం అడిగాడు. తను నోరు విప్పి చెప్పింది.

సైకిళ్ల షెడ్డులో పట్టుకుంది అతన్ని. ఇవానో వంగి సైకిలు తాళం తీస్తున్నాడు. అరవైకి దగ్గర పడ్డ మనిషి.

"నా ఇల్లు పోగొట్టావు," అంది దొనాతా.

అతను నిలబడ్డాడు. "చెప్పేసిందా ఆవిడ?"

"నీకు నేనేం చేశాను ఇవానో?"

"నీకు చెప్పాకే ఏదైనా చేద్దామనుకున్నాను. హీటింగ్ ఎంతవుతుందో కనుక్కుందామని ఫోను చేస్తే, ఆవిడ నా నోట్లోంచి మొత్తం లాగేసింది. అది నా తప్పే. కానీ ఆ ఇల్లు నీకు ఎంతకాలం ఉండేదనుకున్నావు? ఫిబ్రవరి దాకా. ఆ తర్వాత చలిలో పిల్లను బడి మాన్పించి మళ్లీ రైలెక్కించేదానివి."

దొనాతా ఏదో అనబోయింది. అతను ఆగలేదు.

"నీ జీతం చీటీలో ప్రాంతీయ ప్రభుత్వం పన్ను ఎంత పడుతోంది?"

"పడటం లేదు."

"మునిసిపాలిటీది?"

"అదీ లేదు."

"లేవని సంబరపడ్డావు. ఈ ఏడాది జీతానికి ఆ రెండూ వచ్చే జనవరి నుంచి కోస్తారు. ఇంతకుముందు నువ్వు చేసిన పనులన్నీ లెక్కాపత్రం లేనివి కాబట్టి ఈ ఏడాది కొయ్యడానికి ఏమీ లేదు. మొదటి ఏడాది అందరూ పడే గోతిలోనే నువ్వూ పడ్డావు. మా అల్లుడు ఇలాగే మోటారు సైకిలు కొన్నాడు. మార్చిలో అమ్మేశాడు."

నెలకు అరవై యూరోల దాకా పోతాయట. ఇక హీటింగ్.

"మీ ఊళ్లో హీటింగుకి ఎంత కడతారు?"

"కట్టేదేముంది? మా మామ అడవి నుంచి కట్టెలు తోలుతాడు."

"కాస్తెల్ మజ్జోరెలో నీకు మామ ఎవడున్నాడు? మీ దక్షిణాది వాళ్లకి మా చలికాలమంటే ఎవరో పుట్టించిన పుకారు."

అర్జియా చెప్పిన అంకెను అతను పన్నెండు నెలలకూ పంచి చూశాడు. నెలకు డెబ్బై పడింది. దొనాతా లెక్కలో అన్నీ పోగా నెలకు ఎనభై యూరోలు మిగిలేవి. వాటితో పిల్లకు ఈత నేర్పించాలనుకుంది. ఇప్పుడు అది కాస్తా యాభై లోటైంది.

సైకిలు స్టాండు ఇనప కడ్డీ మీద కూర్చుండిపోయింది. కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఈ మనిషి నోరు విప్పకపోయి ఉంటే తను సోమవారం నవ్వుతూ సంతకం పెట్టేది. ఫిబ్రవరి రైలు ఆమె కళ్ల ముందు కదిలింది. కిటికీ పక్కన నున్జియా, ఏం తప్పు చేశానమ్మా అని అడుగుతూ.

ఎక్కడ కోత పెట్టాలి? తిండి ఖర్చు ముందే తక్కువ వేసుకుంది. నూనె, టమాటా గుజ్జు, సాసేజీలు ఊరి నుంచి అక్క పంపే పెట్టెలో వస్తాయి. తెల్లవారుజాము షిఫ్టుకి బస్సులుండవు కాబట్టి పాత పాండా కారు వదులుకోలేదు. మిగిలింది అద్దె ఒక్కటే. ఆరువందల యాభై.

"ఇవానో, ఆ అద్దెలో ఆవిడ చేతికి వచ్చేదెంత?"

"అదేం ప్రశ్న?"

"నా జీతంలో అంత తేడా ఉన్నప్పుడు ఆవిడ అద్దెలో ఉండదా? నేనిప్పుడుంటున్న వాటా యజమాని ఎప్పుడూ గొప్పలు పోతాడు. సంఘాలు కట్టిన పరిమితి దాటకుండా ఒప్పంద అద్దెకిచ్చాను, అందుకే పన్ను పదో వంతే కడతాను అని."

ఇవానో సైకిలుకి మళ్లీ తాళం వేశాడు. "నీ కారెక్కడుంది?"

అద్దెదారుల సంఘం ఆఫీసు శుక్రవారం తొందరగా మూసేస్తారు. దొనాతా ఎర్రలైటు పడబోతుండగా ఒకసారి, పడ్డాక ఒకసారి కూడలి దాటింది. ఇవానో డాష్‌బోర్డు రెండు చేతులా పట్టుకుని, ఎన్నేళ్లుగానో మర్చిపోయిన ప్రార్థనలన్నీ గుర్తు చేసుకున్నాడు. వాళ్లు వెళ్లేసరికి లోపలున్న అమ్మాయి షట్టరు సగం దించేసింది. ఇవానో వంగి కిందనుంచి దూరాడు. ఆ పేటలో, ఆ కొలతల ఇంటికి ఒప్పంద అద్దె ఎంత దాకా ఉండొచ్చో పట్టిక చూసి చెప్పమని బతిమాలాడు. ఆ అమ్మాయి విసుక్కుంటూనే చూసింది. గరిష్ఠంగా అయిదువందల డెబ్బై.

మర్నాడు పొద్దున అర్జియా ఇంటికి ఇవానో కూడా వచ్చాడు. పైకి మాత్రం రానన్నాడు. తను నోరు విప్పితే ఏమవుతుందో ఇప్పటికే చూశాం కదా అని కార్లోనే కూర్చున్నాడు.

అర్జియా తలుపు సగమే తీసింది. ఒక్క పది నిమిషాలు అని దొనాతా అడిగితే, కాదనలేక వంటింట్లోకి రానిచ్చింది. బల్ల మీద చిక్కుడు కాయల కుప్ప ఉంది. ఆవిడ కూర్చుని గింజలు వలవడం మొదలుపెట్టింది. దొనాతా కూడా చెయ్యి వేసింది. వలుస్తూనే, అడగకముందే, తన లోటు చెప్పేసింది. ఆయన చెప్పింది నిజమే సిన్యోరా, జనవరి నుంచి నాకు నెలకు యాభై తక్కువ పడతాయి అని.

అర్జియా చేతులు ఆగాయి. "ఇది చెప్పడానికి వచ్చారా?"

"ఒకటి అడగడానికి కూడా. నేనిచ్చే ఆరువందల యాభైలో మీకు మిగిలేదెంత?"

"అయిదో వంతు పైనే పన్నుకి పోతుంది. ఆ దొంగవెధవ ఎగ్గొట్టిన అద్దె మీద కూడా కొంతకాలం కట్టాను."

దొనాతా వివరంగా చెప్పింది. పన్ను పోగా ఆవిడ చేతికి వచ్చేది అయిదువందల పదమూడున్నర. అదే ఇల్లు ఒప్పంద అద్దెకి అయిదువందల డెబ్బైకి ఇస్తే పన్ను పదో వంతే. చేతికి అయిదువందల పదమూడు.

అర్జియా చిక్కుడు గింజల్ని వేలితో జరుపుతూ లెక్క చూసుకుంది. "నాకు అర యూరో నష్టం," అంది చివరికి.

"ఇంటి పన్ను నాలుగో వంతు తగ్గుతుందట. అది కలుపుకుంటే మీకే లాభం."

"ఎవరన్నారు?"

"మీ అకౌంటెంటుని అడగండి."

అర్జియా ఫోను తీసుకుని పక్కగదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. లోపలి మాటలు వినబడలేదు. దొనాతా కాయల్ని వలుస్తూనే ఉంది. అప్పుడే వీధి గంట మోగింది.

ఆ జంట ముందే వచ్చేశారు. వాళ్లకు రెండు జీతాలు ఉండి ఉంటాయి. పిల్లలు లేకపోవచ్చు. ఒప్పంద అద్దె కిటుకు వాళ్లకూ అంతే పనికొస్తుంది. తను పూసగుచ్చినట్టు నేర్పింది తన పోటీదారుల కోసమేనా?

అర్జియా బయటికొచ్చి, ఆమె వైపు చూడకుండానే తలుపు దగ్గరికి వెళ్లింది. గుమ్మం దగ్గర మాటలు సాగాయి. ఉద్యోగాల గురించి అడుగుతోంది. క్రిస్మస్ దాకా కాంట్రాక్టు అని మగ గొంతు, తర్వాత ఎలాగూ పొడిగిస్తారని ఆడ గొంతు. మిగతా ఖర్చుల సంగతి అడిగితే, అన్నీ చూసుకున్నాం, ఏ ఇబ్బందీ లేదన్నారు. అర్జియా ఇంకేదో మెల్లగా అంది. తలుపు మూసుకుంది. ఆవిడ ఒక్కతే తిరిగొచ్చి కుర్చీలో కూర్చుంది.

"మా అకౌంటెంటు అవునన్నాడు. సంఘం వాళ్ల సంతకం కూడా ఉండాలట, అది నువ్వు చూసుకో." ఒక కాయ అందుకుంది. "వాళ్లకి ఏ ఇబ్బందీ లేదట. ఇన్నేళ్లుగా ఇల్లు అద్దెకిస్తున్నాను, నాకు ఇంత లోటుంది అని సంతకానికి ముందే వచ్చి చెప్పింది నువ్వే. పాప ఎప్పుడొస్తుంది?"

ఇంతవరకు మీరు అన్న మనిషి నువ్వు అనేసరికి దొనాతా కళ్లు నిండిపోయాయి. బడి తెరిచేలోపే అంది. గింజలన్నీ అయ్యేదాకా అర్జియా ఆమెను కదలనివ్వలేదు.

కిందికి దిగేసరికి ఇవానో కారు బయట నిలబడి ఉన్నాడు. ఇప్పుడే ఒక జంట మొహాలు వేలాడేసుకుని వెళ్లారని, ఆ మొహాలు చూశాక ఆశ పుట్టిందని అన్నాడు. దొనాతా రెండు చేతులతో అతని మొహం పట్టుకుని రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టుకుంది.

"నేనేం చేశానని? ఇల్లు పోగొట్టింది నేనే కదా."

"పోగొట్టావు కాబట్టే దొరికింది. నెలకు ముప్పై మిగులుతుంది ఇవానో. పిల్ల చలికాలంలో వెనక్కి వెళ్లదు."

అతను తల పక్కకు తిప్పుకుని కారు అద్దం తుడిచాడు. అది శుభ్రంగానే ఉంది.

దొనాతా మెట్ల మీద కూర్చుని అక్కకి ఫోను చేసింది. ఇల్లు దొరికిందని చెప్పింది. అటువైపు కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడైంది. పిల్లకు నడక నేర్పింది ఫిలొమెనా. మొదటి పాలపన్ను ఊడినప్పుడు పక్కనున్నదీ తనే.

"అక్కా, వింటున్నావా?"

"వింటున్నానే. దానికి మందపాటి కోటు కొనాలి కదా. ఇక్కడే కుట్టించి పంపుతాను. అక్కడ రేట్లు నీ వల్ల కాదు."

"నువ్వు లేకపోతే నేను..."

"ఆపు. అది పెరట్లో ఉంది, పిలుస్తానుండు. నువ్వే చెప్పు. ఏడవకుండా చెప్పు."

ఫోనులో అక్క గొంతెత్తి పిలవడం, వెనకే చిన్న అడుగులు పరిగెత్తుకు రావడం వినిపించాయి.