నా ఖరీదు ఎన్ని సెంటీమీటర్లు

నేను ఒక పిరికి వాయిస్ రికార్డర్‌ని. ఫ్యాక్టరీలో గట్టిదనం చూడ్డానికి నన్ను బల్లమీంచి కింద పడేశారు చూడండి, అప్పుడు పట్టుకున్న భయం ఇంకా వదల్లేదు!

నా మొదటి యజమాని ఇంగ్రిడ్, డెన్మార్క్ విలేకరి. మంచి మనిషే, కానీ నన్ను సంచిలోకి విసిరేసేది. నామీద కాఫీ ఒలికినా "పోతే పోనీ, సాయంత్రం ఇంకోటి కొంటా" అనేది. ఆ మాట వింటే నా బ్యాటరీలు చల్లబడిపోయేవి.

గోదావరి ఇసుక తవ్వకాల మీద రాయడానికి ఆమె ఇక్కడికొచ్చింది. దారి చూపించింది నూకరాజు, ఒక తెలుగు పత్రికకి మండల విలేకరి. వెళ్తూ వెళ్తూ నన్ను అతనికి బహుమతిగా ఇచ్చేసింది.

"ఎంతుంటదండీ ఇది?" తనకొచ్చిన ఇంగ్లీషులో తెలుగు కలిపి అడిగాడు.

"నాకైతే ఒక పూట జీతం. నీకు?"

నూకరాజు సంచిలోంచి పిల్లల స్కేలు తీశాడు. "మాకు జీతం ఉండదు మేడమ్. అచ్చయిన వార్తని దీంతో కొలిచి, సెంటీమీటరుకింత అని ఇత్తారు. ఇది కొనాలంటే ఆర్నెల్లు రాయాలండి."

"ఇక్కడ అన్నీ చవకే కదా? మా ఊళ్లో టీ నాలుగొందలు."

"అమ్మ బాబోయ్! ఇక్కడ పది రూపాయలేనండి. అదీ మేం కొనం. ఎవరో ఒకళ్లు పోయిత్తారు."

"మరి వాళ్ల గురించి ఎలా రాస్తావు?"

నూకరాజు నవ్వాడు. స్కేలు మళ్లీ సంచిలో పెట్టేసుకున్నాడు.

ఆ రోజు నుంచి నా ఇల్లు అతని చొక్కా జేబు. రుమాల్లో చుట్టి, పైన బొత్తాం పెట్టేవాడు. జేబు కిందే గుండె. దడదడా కొట్టుకునే ఆ గుండె విన్నాక తెలిసింది, ఈయన నాకన్నా పిరికి!

అయినా ఓ పొద్దున, గోదావరి ఒడ్డున లారీలకి ఇసుకెత్తే ర్యాంపుకి వెళ్లాడు.

"రావయ్యా నూకరాజూ, టీ తాగు" అన్నాడు కాంట్రాక్టరు అబ్బులు.

"వద్దండి. పర్మిషన్ లేకుండా లారీలెలా పోతన్నాయండీ?"

"అందరికీ ఇచ్చేశాం. నువ్వే మిగిలావు. నీ రేటెంతో చెప్పు."

అంతలో రుమాలు జారింది. రికార్డవుతున్న నా ఎర్ర దీపం పల్చటి చొక్కాలోంచి బయటపడింది. అబ్బులు మొహం మారిపోయింది.

"దాన్ని నీళ్లలో పడెయ్. నీ జోలికి రాం."

అయిపోయింది నా పని అనుకున్నాను. ఇంగ్రిడ్ అయితే విసిరేసి బతికిపోయేది, ఆమెకి పోయేది ఒక పూటేగా! నూకరాజు మాత్రం నన్ను పొట్టకింద పెట్టుకుని ఇసుకలో ముడుచుకుపోయాడు. అబ్బులు మనుషుల తన్నులన్నీ అతని ఒంటికే. నాకు ఒక్క గీతా పడలేదు.

"బుద్ధుందా మీకు? ఆ డబ్బా పారేత్తే పోయేది కదా!" ఆసుపత్రిలో భార్య సత్యవేణి ఏడ్చింది.

"మళ్లీ ఎక్కడ కొంటానే? పైగా ఆడి గొంతు దీంట్లోనే ఉంది."

మర్నాడు పేపర్లో 'విలేకరిపై దాడి' అని వచ్చింది. కట్టు లేని చేత్తో స్కేలు పెట్టి కొలిచాడు. "ఆరు సెంటీమీటర్లు. అబ్బులు పేరు లేదే!" అని నవ్వబోయి, నొప్పికి మూలిగాడు.

ఇవాళ కుంటుకుంటూ ఫిర్యాదు ఇవ్వడానికి పోలీస్ స్టేషన్‌కి వచ్చాం. ఎస్సై ఎదురుగా కుర్చీలో అబ్బులు కూర్చుని టీ ఊదుకుంటున్నాడు. జేబు కింద గుండె ఆగి, మళ్లీ పరుగందుకుంది.

"రా నూకరాజూ, టీ చెప్పనా?" అన్నాడు ఎస్సై.

వెళ్లిపోదాం పద అని అరవాలనుంది. నాకు వినడమే వచ్చు, అరవడం రాదు.

"వద్దండి" అన్నాడు నూకరాజు. అతని వేలు జేబులోకి దిగి, నా రికార్డింగ్ బటన్ నొక్కింది.