రికార్డు వెనకవైపు

కింగ్‌స్టన్ నగరంలోని స్టూడియోల్లో ఎవరాల్డ్ టలక్ ఏళ్ల తరబడి ఇతరుల పాటలకు వంత పాడాడు. రికార్డు మీద అతని పేరు ఒక్కరూ వేయలేదు. విసిగిపోయి చివరికి తనే నిర్మాతగా మారి, చెరకుతోటల్లో నడుం విరిగేలా పనిచేసిన తల్లి మీద పాట కట్టి, గొంతు బొంగురుపోయేదాకా పాడి రికార్డు చేశాడు. వెనకవైపు ఖాళీగా వదలకూడదు కదా అని, అదే పాటలోంచి తన గొంతు తీసేసి, డ్రమ్సూ బేస్ గిటారూ మాత్రం ఉంచి, అక్కడక్కడా ప్రతిధ్వని కలిపాడు. ఆ పని మీద పెద్దగా మనసు కూడా పెట్టలేదు.

శనివారం భార్య అయోనీని వెంటబెట్టుకుని ఆరెంజ్ స్ట్రీట్‌కి వెళ్లాడు. రికార్డులమ్మే క్లోవిస్ దుకాణం ముందు స్పీకర్లు మోగుతున్నాయి. జనం చేతిలో తింటున్న ప్యాటీలతోనే ఊగుతున్నారు. తన బేస్ గుర్తుపట్టి ఎవరాల్డ్ గుండె పొంగింది. గొంతు కోసం ఎదురుచూశాడు. రాలేదు.

"క్లోవిస్ అన్నా, తిరగేసి పెట్టావు. పాట అవతలివైపుంది."

"తెలిసే పెట్టాను. పొద్దున పాట వేస్తే అందరూ ఎదురు షాపుకి పోయార్రా."

"నా ముందర ఒక్కసారి వెయ్యి."

క్లోవిస్ తిరగేశాడు. ఎవరాల్డ్ గొంతు వీధిలోకొచ్చింది. ఊగేవాళ్లు ఆగారు. కొందరు ఐసు బండి వైపు నడిచారు. అల్లిక టోపీ పెట్టుకున్న ఒకతను కేకేశాడు. "ఆ ఏడుపెవరిదన్నా? మా చెల్లి పెళ్లికి మాత్రం వాణ్ణి పంపకు."

"ఆ ఏడుపు మా ఆయనది. ఇదిగో, పక్కనే ఉన్నాడు, మొహం మీదే చెప్పు" అంది అయోనీ.

అతను టోపీ తీశాడు. "ఏమనుకోకక్కా. ఆ రెండోవైపుది మాత్రం అదిరింది. ఎవరు చేశారో."

"అదీ ఈయనే."

వెంటనే అతను వచ్చి ఎవరాల్డ్ చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఆ చేతిని విదిలించుకోలేక, నవ్వలేక ఎవరాల్డ్ అలాగే నిలబడ్డాడు.

రికార్డు తెగ అమ్ముడుపోయింది. పాడకుండా లయకు మాటలు చెప్పే ఊళ్లోని మాటకారులంతా ఆ వెనకవైపు దరువు మీద తమ మాటలు కట్టారు. తమ పాటలూ అతనే చెయ్యాలని గాయకులు అతని ఇంటి ముందు బారులు తీరారు. వాళ్ల పాటలు మోగిపోయాయి. మధ్యమధ్య తను పాడినవీ విడుదల చేశాడు. వాటిని కొన్నవాళ్లూ వెనకవైపే వేసుకున్నారు.

"నీ చేతికి ఇంత పేరొచ్చిందిగా, చాలదా?" అనేది అయోనీ.

"నేను చేతితో పాడతానా?" అని కసిరేవాడు.

ఒక మధ్యాహ్నం వెరోనా అనే కొత్త గాయని అతని దగ్గర పాడుతోంది. మొదటిసారే బ్రహ్మాండంగా వచ్చింది. అయినా బాగాలేదన్నాడు. మళ్లీ పాడించాడు, ఇంకోసారి పాడించాడు. ఆమె చెవులమీంచి హెడ్‌ఫోన్లు తీసి కింద పెట్టింది.

"నా గొంతు నచ్చకపోతే చెప్పెయ్యి బాబాయ్, వెళ్లిపోతాను. ఈ చిరాకు నామీద దేనికి?"

"నచ్చిందమ్మా" అన్నాడు ఎవరాల్డ్. "మొదటిసారి పాడిందే ఉంచుతాను. ఇక ఇంటికెళ్లు."

ఆమె వెళ్లాక రికార్డింగ్ గది అద్దం వెనక, మీటల ముందు ఒక్కడే కూర్చుని, ఆ పాట వెనకవైపు కోసం ఆమె గొంతు తగ్గించడం మొదలుపెట్టాడు.