అద్దాల పెట్టెలో నా కత్తెర

నన్ను ఉద్యోగంలోంచి తీసేసిన రోజు చేతిలో పూలగుత్తి పెట్టి చప్పట్లు కొట్టారు. పీకేసేవాళ్ళు చప్పట్లెందుకు కొడతారో నాకిప్పటికీ అర్థం కాదు. అది రెడీమేడ్ కోట్ల ఫ్యాక్టరీ. నేను అక్కడ కటింగ్ మాస్టర్ని. పెళ్ళికి ముందు చేరినదాన్ని, నా కూతురు సొంతంగా సంపాదించుకునేదాకా ఆ బల్ల ముందే నిలబడి గుడ్డ కోశాను. కంప్యూటర్ చెబితే దానంతట అదే కోసుకుపోయే మిషను ఒకటి దిగింది, నేను బరువైపోయాను. సరే, మిషను వచ్చింది, నాలుగు రోజులు ఏడుస్తాం, ఊరుకుంటాం. కానీ వాళ్ళు నా కత్తెర కూడా ఉంచేసుకున్నారు చూడండి, అది మాత్రం కడుపులో రగులుతూనే ఉంది.

కత్తెర కంపెనీది కాదు. మా పనిలో ఎవరి కత్తెర వాళ్ళే కొనుక్కోవాలి. ఒకరిది ఇంకొకరు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే జుట్టూ జుట్టూ పట్టుకునేదాకా వచ్చేది. ఒక్కో చేతి వాలు ఒక్కోలా ఉంటుంది, వేరేవాళ్ళు వాడితే పదును పక్కకి పోతుంది. నాది మొదటి జీతంతో కొనుక్కున్నాను. బొటనవేలు ఒరుసుకుపోతోందని పిడికి నా కూతురి చిన్నప్పటి పసుప్పచ్చ గౌను పీలిక చుట్టుకున్నాను. ఆ చివరి రోజున ఆఫీసు పిల్ల ఒకతె వచ్చి "పరికరాలన్నీ ఇక్కడ పెట్టేసి వెళ్ళండి మేడమ్" అంది. బుర్ర మొద్దుబారిపోయి ఉందేమో, మారు మాట్లాడకుండా పెట్టేసి వచ్చాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకి అక్కడే పనిచేసే స్నేహితురాలు ఫోన్ చేసి చెప్పింది. ఫ్యాక్టరీ ముందు హాల్లో అద్దాల పెట్టె ఒకటి చేయించి, అందులో నా కత్తెర పెట్టారట. కింద 'మన తొలినాటి పనిముట్లు' అని ఒక అట్టముక్క. నేను నిక్షేపంగా బతికుండగానే!

వాళ్ళు ఉద్ధరించిన ఇంకో పని, మాకు ఆత్మవిశ్వాసం నేర్పించడం. తీసేసిన వాళ్ళందరినీ ఒక ఏసీ గదిలో కూర్చోబెట్టి, మెడకి టై బిగించుకున్న ఒక కుర్ర సారు చేత పాఠం చెప్పించారు. ఆయన మనిషికో చిన్న అద్దం పంచాడు. పొద్దున్నే లేచి అందులో మొహం చూసుకుని "నేను సాధిస్తాను" అనుకోవాలట. నా పక్కన కూర్చున్న గుండీల సెక్షను పెద్దమనిషి "ముందు ఉద్యోగం పీకి, తర్వాత అద్దం ఇచ్చారేమిటమ్మా" అని గొణిగాడు. అద్దాన్ని సంచీలో పడేసుకున్నాను. అందులో మొహం చూసుకున్న పాపాన పోలేదు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ కాల్చుకుతిన్నది ఒక్క మాట. పర్లేదు.

ఇంట్లో ఎవరిని చూసినా అదే మాట. పాలు పొంగిపోతే పర్లేదు. గ్లాసు పగిలితే పర్లేదు. మా ఆయన బస్సు డ్రైవరు. రోజంతా రోడ్డు మీద అందరినీ తిట్టుకుంటూ వచ్చే మనిషి, గడప లోపలికి రాగానే పిల్లిలా అడుగులో అడుగు వేసుకుంటూ తిరగడం మొదలుపెట్టాడు. ఒకరోజు మతి తప్పి కూరలో రెండుసార్లు ఉప్పు వేశాను. నాకే నోట్లో పెట్టుకుంటే కళ్ళంట నీళ్ళొచ్చాయి. ఆయన తల వంచుకుని పళ్ళెం ఖాళీ చేసి "బాగుంది" అన్నాడు. పోయే ప్రాణం ముందు కూర్చున్నవాళ్ళు మాట్లాడినట్టు మాట్లాడాడు. ఉప్పెక్కువైందని కంచం విసిరేసినా నాకంత బాధ ఉండేది కాదు.

మా ఆడపడుచు ఒక మెట్టు పైనే. "ఎలాగూ ఖాళీయే కదా వదినా, సోమవారం నుంచి మా మనవడిని నువ్వు చూసుకుందువుగాని, నీకూ కాలక్షేపం" అని తేల్చేసింది. పిల్లవాడు బంగారమే, కాదనను. కానీ ఒకసారి వాడిని ఎత్తుకున్నానంటే ఈ జన్మకి మళ్ళీ గుడ్డ కొయ్యనని నాకు తెలుసు. అసలు భయం అది కూడా కాదు. ఎవరికీ చెప్పలేదు గానీ, నా చెయ్యి వణుకుతోంది. ఇంట్లో కూరగాయల కత్తి పట్టుకున్నా వణుకే. కళ్ళు మూసుకుని గీత మీద నడిపించిన చెయ్యి ఇది. ఇది పని మర్చిపోయిందా, లేక నాకే మతి పోయిందా?

అలాంటప్పుడు మా అమ్మాయి ఒక చిన్న కుట్టుపని దుకాణం సంగతి పట్టుకొచ్చింది. అక్కడి పాత కటింగ్ మాస్టరు చూపు మందగించి మానేశాడట. శనివారం వెళ్ళి ఒక కోటు కోసి చూపించాలి. నచ్చితే ఉంచుకుంటారు. నచ్చకపోతే సోమవారం నుంచి నేను మా ఆడపడుచు ఇంట్లో ఉయ్యాల ఊపుతూ ఉంటాను.

దుకాణమంటే ఇరుకు సందులో ఒక పొడుగాటి గది. మూడు మిషన్లు, ఒక కోత బల్ల, గోడకి వేలాడే కాగితపు నమూనాలు, నేలంతా దారాలు. యజమాని మెతక మనిషి, నాకంటే బాగా చిన్నవాడు. మూల మిషను మీద నా ఈడుదే ఒకావిడ కూర్చుని ఉంది. అందరూ ఆవిణ్ణి మిషనక్క అంటారు. నన్ను ఎగాదిగా చూసి మళ్ళీ పెడల్ తొక్కుకుంది.

"ఈ గుడ్డ కస్టమరు తెచ్చిందండీ. మళ్ళీ దొరకదు. రెండు ముక్కలుగా ఉంది, నేనే పరిచి పెట్టాను. మీరు కంగారు పడకుండా నెమ్మదిగా కానివ్వండి" అన్నాడు యజమాని. నాకు కత్తెర లేదని చెప్పడానికి సిగ్గేసింది. ఆయనే గమనించి మిషనక్క కత్తెర అడిగి తెచ్చిచ్చాడు. ఆవిడ మొహం మాడ్చుకుంది. నాకు అర్థమైంది, ఆవిడ స్థానంలో నేనున్నా అంతే.

నమూనా పెట్టాను, సుద్దతో గీశాను. చెయ్యి వణుకుతూనే ఉంది. అయినా కోటు ముందు భాగం చుట్టూ కోసుకుంటూ పోయాను. రెండు పొరలూ ఒకేసారి తెగాయి. గీత దాటలేదు. అమ్మయ్య అనుకుని రెండు ముక్కలూ తీసి మిషనక్క ముందు పెట్టాను.

ఆవిడ ఒకటి తిప్పింది. ఇంకోటి తిప్పింది. మిషను ఆపేసింది.

"నీ కళ్ళు నెత్తికెక్కాయా? రెండూ ఎడమవే కోశావు! కస్టమరుకి రెండు ఎడమ రొమ్ములు ఉన్నాయా, రెండు ఎడమ ముక్కలు తొడుక్కోవడానికి?"

గబగబా వెళ్ళి చూశాను. నిజమే. కోటు గుడ్డకి ఒకవైపే నూగు, రెండోవైపు బోసి. యజమాని రెండు ముక్కల్నీ నూగు కిందికే ఉండేలా పరిచాడు. ఫ్యాక్టరీలో అయితే పరిచేవాళ్ళు వేరు, కోసేవాళ్ళు వేరు. గుడ్డ నూగు మొహం మొహానికి తగిలేలా వాళ్ళు పరుస్తారు, ఒక్క కోతతో కుడీ ఎడమా జతగా వస్తాయి. వాళ్ళు పరిచినదాన్ని మూల ఎత్తి చూశామంటే వాళ్ళని నమ్మలేదని అర్థం, పెద్ద అవమానం. నా చేతులు ఇన్నేళ్ళూ ఆ మర్యాద పాటించాయి. ఇక్కడా పాటించాయి, నా కొంప ముంచాయి.

యజమాని పరుగెత్తుకొచ్చాడు. "పర్లేదండీ, పర్లేదు. పరిచింది నేనే కదా. ఈ వయసులో మీరు ఇంత దూరం వచ్చారు, అదే గొప్ప. కాసిని మంచినీళ్ళు తాగండి."

అరికాలి మంట నెత్తికెక్కింది. అక్కడ కూడా అదే మాట! ఈ వయసులో అంటాడు, మంచినీళ్ళంటాడు, ఇంకాసేపు ఆగితే భుజం తట్టి ఇంటిదాకా దిగబెడతానంటాడు. సంచీ తీసుకుని వెళ్ళిపోదామని ఒకడుగు వేశాను కూడా.

"ఏయ్, ఎక్కడికి?" అంది మిషనక్క వెనకనుంచి. "గుడ్డ తగలేసి చేతులు దులుపుకుని పోతావా? మూల ఎత్తి చూసుకోవాలని తెలియదూ? ఇన్నేళ్ళూ గుడ్డ కోశావా, గడ్డి కోశావా?"

ఒక్కసారి ఒళ్ళంతా వేడెక్కింది. కొన్ని నెలలుగా నన్ను ఎవరూ తిట్టలేదు. తిట్టాలంటే ముందు నాకు పని వచ్చని నమ్మాలి కదా. పని రానివాళ్ళకి మంచినీళ్ళు ఇస్తారు. ఈవిడ మాత్రం నన్ను కటింగ్ మాస్టర్ని తిట్టినట్టు తిట్టింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ నోరు ఊరుకోలేదు.

"గడ్డి నువ్వే కోశావు! తప్పు నాదే, నాది కాదన్నానా? మూల చూసుకోవలసింది నేను. అరిస్తే గుడ్డ అతుక్కుంటుందా? జరుగు, మిగిలినదెంతో చూడనీ."

"చూసి ఏం పొడుస్తావ్? కుడి ముక్కకి చోటెక్కడుంది?"

"వీపు ఒకే ముక్కగా ఎందుకు? నడుమ కుట్టు పెట్టి రెండు ముక్కలుగా కోస్తే పక్కన జాగా మిగుల్తుంది."

"మిగిలితే? ముందు అంచులకి లోపల వేసే పట్టీలు నీ తలలోంచి కోస్తావా?"

"ఎక్కువైన ఎడమ ముక్క ఉంది కదే! కుడి ముక్కకి లోపలి పట్టీ మొహం మొహానికి పెట్టేగా కుడతావు? అంటే దానికి కావలసింది ఎడమ ఆకారమే కదా!"

మిషనక్క ఆ ముక్కని తన చేత్తో తిప్పి చూసింది. "అయితే రెండో పట్టీకి అతుకు పడుతుంది," అంది, గొంతు ఇంకా దించకుండానే. "అతుకు నడుం కిందకి రానివ్వు, గుండీ దగ్గర పడితే నేను కుట్టను."

"గుండీ దగ్గర వేసేంత మొద్దుని కాను."

అలా బల్లకి అటూ ఇటూ నిలబడి ఇద్దరం అరుచుకుంటూనే ఆ కోటు మొత్తం కోశాం. యజమాని గోడకి అంటుకుపోయి చూస్తూ ఉండిపోయాడు. చివరి ముక్క తెగాక గుర్తొచ్చింది, చెయ్యి వణుకుతోందా లేదా అని నేను చూసుకోనేలేదు.

మిషనక్క నా చేతిలోంచి తన కత్తెర లాక్కుని పమిటతో తుడుచుకుంది. "సోమవారం నీ కత్తెర నువ్వు తెచ్చుకో. నాది ఇంకోసారి ముట్టుకున్నావంటే ఊరుకోను," అంది. యజమాని తల ఊపాడు. ఆ దుకాణంలో ఎవరి మాట చెల్లుతుందో నాకు తెలిసిపోయింది.

సందులోకి వచ్చేసరికి మా ఆయన ఫోన్. "ఎలా అయింది? పర్లేదులే, ఏమైనా..."

"నన్ను తిట్టారు. గడ్డి కోశావా అన్నారు," అన్నాను. "సోమవారం నుంచి పని. మీ చెల్లెలితో వేరే మనిషిని చూసుకోమని చెప్పండి. ఇంకో మాట. మొన్న కూరలో ఉప్పెక్కువైంది కదూ?"

ఆయన నసుగుతూ, "నోట్లో పెట్టుకోలేకపోయానే," అన్నాడు.

"ఆ ముక్క అప్పుడే ఏడవలేకపోయారా!" అని పెట్టేశాను.

ఇంటి బస్సు ఎక్కలేదు. ఫ్యాక్టరీ వైపు వెళ్ళే బస్సు ఎక్కాను. వాచ్‌మన్ నన్ను చూసి అలవాటుగా గేటు తీశాడు. హాల్లో నున్నటి రాతి నేల, చల్లటి గాలి, మధ్యలో స్టాండు మీద అద్దాల పెట్టె. లోపల నా కత్తెర. దానికి నూనె రాసి మెరుగు పెట్టారు, నా పసుప్పచ్చ పీలిక మాత్రం అలాగే ఉంచారు. పాతకాలపు వస్తువులా కనబడాలి కదా!

రిసెప్షన్ అమ్మాయితో "తాళం తియ్యి" అన్నాను. "అది ప్రదర్శన కోసం మేడమ్" అంది. "ప్రదర్శన నేను చేస్తాను, చూస్తావా?" అన్నాను. నా గొంతు ఆ హాలంతా తిరిగింది. లోపలినుంచి మేనేజరు వచ్చాడు. పూలగుత్తి ఇచ్చింది ఈయనే. అదే నవ్వు.

"ఏమైందమ్మా, ఎందుకంత కోపం?"

"నా కత్తెర నాకు కావాలి సార్. నా డబ్బుతో కొనుక్కున్నాను. ఆ పీలిక నా కూతురి గౌనుది. సోమవారం పనిలో చేరుతున్నాను."

ఆయన అటూ ఇటూ చూశాడు. కూర్చున్న వాళ్ళు తలలు తిప్పి మమ్మల్నే చూస్తున్నారు. "పర్లేదు, ఇచ్చెయ్యమ్మా ఆవిడకి," అన్నాడు ఆ అమ్మాయితో.

"పర్లేదు కాదు సార్," అన్నాను. "ఇవాళ పొద్దున్నే నేనొక తప్పు చేశాను. తప్పు నాదే అన్నాను. నోరేమీ పడిపోలేదు. మీరూ అనండి."

అనలేదు. ఫోన్ వచ్చినట్టు జేబులోంచి తీసి, చెవి దగ్గర పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ ఫోను మోగనేలేదు.

రిసెప్షన్ అమ్మాయి తాళం తీసింది. కత్తెర తీసుకున్నాను. పాపం, ఆ పిల్ల ఖాళీ పెట్టె కేసి చూసి, "ఇప్పుడిందులో ఏం పెట్టాలి మేడమ్?" అంది. సంచీ అడుగున వెతికి, వాళ్ళిచ్చిన ఆత్మవిశ్వాసం అద్దం తీసి లోపల నిలబెట్టాను.

"ఇది పెట్టుకోండి. మీ సారుని రోజూ వచ్చేటప్పుడు ఇందులో మొహం చూసుకోమను."

బయట బస్టాపులో నిలబడి బొటనవేలు పిడిలో దూర్చాను. పీలిక సరిగ్గా పాత చోటే తగిలింది. చెయ్యి మళ్ళీ వణుకుతోంది. కానీ ఇది భయం వణుకు కాదు, కోపం వణుకు. కోపంతో పని చెయ్యడం నాకు మొదటినుంచీ అలవాటే.