తమ్ముడు చెప్పాలా, వద్దా

మా తమ్ముడు చిన్నోడు సినిమాలకి కథలు రాస్తాడు. రాస్తాడంటే రాస్తూ ఉంటాడు, సినిమా మాత్రం ఇంతవరకూ ఒక్కటీ రాలేదు. పదకొండేళ్లుగా ఏ కథ తట్టినా ముందు నా టైలరింగ్ షాపుకొచ్చి, కటింగ్ టేబుల్ పక్కకి స్టూలు లాక్కుని నాకే చెప్తాడు. నేను మిషన్ తొక్కుతూ వింటాను. కథ బాగుంటే నా కాలు దానంతటదే ఆగుతుందట. "నీ కాలు ఆగిందంటే ప్రొడ్యూసర్ పడ్డట్టే అక్కా" అంటాడు వెధవ.

ఆగడం తక్కువ, తిట్టడమే ఎక్కువ. ఒకసారి బ్యాంకు దొంగతనం కథ పట్టుకొచ్చాడు. "బ్యాంకులో ఎప్పుడైనా రెండు నిమిషాలు నిలబడ్డావురా? అక్కడ పెన్నుని దారంతో కట్టేస్తారని కూడా తెలీదు నీకు" అన్నాను. ఇంకోసారి ప్రేమకథ. అందులో హీరోయిన్ పొద్దస్తమానం నవ్వుతూనే ఉంటుంది. "పిచ్చిదా?" అన్నాను. మొహం మాడ్చుకుని పోయి వారానికి మళ్లీ వచ్చాడు. వాడికి నేను చెప్పేది ఎప్పుడూ ఒకటే. కాకమ్మ కథలు అల్లకు, వీధిలోకి పోయి మనుషుల్ని చూడు. చూసింది చూసినట్టు పట్టుకురా, తర్వాత ఏమవుతుందో ఇద్దరం కూర్చుని ఆలోచిద్దాం.

మొన్న మంగళవారం మధ్యాహ్నం వచ్చాడు. అంతకుముందు నెల రోజులు మనిషి జాడే లేదు. గడ్డం పెరిగింది, కళ్లు పీక్కుపోయాయి. నేను స్కూలు యూనిఫాంలు కుడుతున్నాను, నలభై లాగులు, మర్నాటికల్లా ఇవ్వాలి.

"కొత్త లైన్ దొరికిందక్కా."

"దొరికితే ఆ ఏడుపు మొహం దేనికి? చెప్పు."

"ఒకావిడ. మొగుడు తప్పిపోయాడు."

మిషన్ ఆపలేదు నేను. మా ఆయన కనిపించకుండా పోయి ఆరేళ్లు. వేరే ఊళ్లో పని దొరికిందని సంచి సర్దుకుని వెళ్లారు. ఆ పనిలో చేరనేలేదన్నారు అక్కడివాళ్లు. పోలీస్ స్టేషన్లూ ఆస్పత్రులూ తిరిగి తిరిగి నా కాళ్లు అరిగిపోయాయి. ఏదో జరిగింది, రాలేని పరిస్థితిలో ఉన్నారు, లేచి తిరగ్గలిగిన రోజున వస్తారు. అడిగిన వాళ్లందరికీ నేను చెప్పే మాట ఇదే. అమ్మ "ఇంక మర్చిపోవే" అన్నందుకు ఆవిడతో మూణ్ణెల్లు మాట్లాడలేదు. ఇల్లు కారుతోంది, మారమన్నారు. మారలేదు, వస్తే ఎక్కడని వెతుక్కుంటారు?

"నా మీదే కథ అల్లుతున్నావన్నమాట. కానీ. హీరోయిన్ని మాత్రం అందంగా ఉన్నదాన్ని పెట్టు, లేకపోతే ఊరుకోను" అన్నాను.

వాడు నవ్వలేదు. "ఆవిడకో తమ్ముడు. వేరే ఊళ్లో వాడికి ఆ మొగుడు కనబడతాడు. ఇంకొకామెతో కాపురం, ఒక పాప. ఇప్పుడు తమ్ముడు ఆ సంగతి అక్కకి చెప్పాలా, వద్దా? అక్కడ ఇరుక్కుపోయాను."

నిజం చెప్పొద్దూ, నాకు హుషారొచ్చింది. ఆ మొగుడికీ మా ఆయనకీ పోలికే తోచలేదు. మా ఆయన అలాంటివారు కాదు కదా.

"ఇందులో ఇరుక్కునేదేముందిరా మొద్దూ? చెప్పాలి! చెప్పకపోతే వాడేం తమ్ముడు? సరిగ్గా ఇంటర్వెల్ ముందు చెప్పించు. సెకండాఫ్‌లో ఆవిడ వెళ్లి నడివీధిలో వాణ్ని కడిగి పారేయాలి. జనం ఈలలెయ్యాలి."

"తట్టుకుంటుందంటావా?"

"తట్టుకోకేం? ఆడవాళ్లంటే ఏమనుకుంటున్నావు?"

"ఖాయమేనా అక్కా?"

"నీ మొహం. ముందు తమ్ముడు అతన్ని ఎలా చూస్తాడో చెప్పు. అక్కడ తేలిపోతే కథంతా తేలిపోతుంది."

వాడు నేల చూస్తూ చెప్పాడు. తమ్ముడు ఎవరికో కథ చెప్పడానికి ఆ ఊరెళ్లి, తిరుగు బస్సు కోసం నిలబడతాడు. అప్పుడే వాన వెలిసింది. ఎదురుగా చెప్పుల షాపు. అందులోంచి ఒకతను ఐదేళ్ల పాప చెయ్యి పట్టుకుని బయటికొస్తాడు. పాప కొత్త చెప్పులు చూసుకుంటూ నడుస్తోంది. అతను గొడుగుని చొక్కా కాలరుకి వెనకాల తగిలించుకున్నాడు.

"కాలరు చిరిగి చస్తుంది కదరా" అన్నాను. టైలర్ బుద్ధి ఎక్కడికి పోతుంది.

"చిరగలేదక్కా. లోపల పట్టీ వేసి ఉంది. నీలం చొక్కాకి ఎర్ర గళ్ల గుడ్డ. వంగి పాప చెప్పు సర్దుతుంటే కనబడింది."

నా కాలు ఆగిపోయింది.

ఆ పట్టీ నేను వేసిందే. నెత్తీ నోరూ కొట్టుకున్నా ఆయన గొడుగు కాలరుకే తగిలించేవారు, ప్రతి చొక్కా అక్కడే పోయేది. చివరికి విసుగొచ్చి అన్నిటికీ లోపల రెండు మడతల పట్టీ కుట్టాను. నీలం చొక్కాకి రంగు కలిసే గుడ్డ దొరక్క, మా తలగడ గలీబులు కుట్టగా మిగిలిన ఎర్ర గళ్ల ముక్క వేశాను. "లోపలే కదా, ఎవరు చూస్తారు" అన్నారు ఆయన. ఈ సంగతి చిన్నోడికి తెలీదు. వాడికి కల్పించడం రాదని నాకంటే బాగా ఎవరికి తెలుసు?

ఐదేళ్ల పాప. ఆరేళ్లలో ఐదేళ్ల పాప.

ముందు కోపమొచ్చింది. ఆయన మీద కాదు, వీడి మీద. నెల రోజులు కడుపులో దాచుకుని, ఇప్పుడు కథ పేరు చెప్పి నా నోటితోనే తీర్పు చెప్పించుకుంటున్నాడు. చెప్పాలని నేనేగా ఎగిరెగిరి అరిచింది? ఇంకో నిమిషం ఆగితే చెప్పేస్తాడు.

"ఆగరా. తప్పు చెప్పాను. చెప్పకూడదు."

"ఇందాకే కదక్కా..."

"ఇందాక ఈలల గురించి ఆలోచించాను, ఆవిడ గురించి కాదు. తప్పిపోయిన మొగుడి కోసం ఎన్నేళ్లయినా ఎదురుచూడొచ్చురా, ఎవరూ ఏమనరు. వదిలేసి పోయినవాడి కోసం చూస్తే పిచ్చిదంటారు. ఆ చూడటం తప్ప ఆవిడకి ఇంకేముంది? అదీ లాక్కుంటే పొద్దున్నే లేచి ఏం చేస్తుంది? నీ తమ్ముణ్ని నోరు మూసుకోమను. చచ్చేదాకా మూసుకోమను."

నాకు తెలిసిపోయిందని వాడికి అర్థమైంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయాం.

"సరేనక్కా, చెప్పడు" అన్నాడు. "ఈ కథ ఇంక రాయను."

"రాయకు."

లేచి వెళ్లిపోబోయాడు. అక్కడితో వదిలేయాల్సింది. వదిలేస్తే మా ఇద్దరి మధ్యా ఉన్నది కథే అయ్యేది, నా మొగుడు ఎక్కడో తప్పిపోయే ఉండేవారు. కానీ ఆరేళ్లు! ఎండకీ వానకీ ఏ అరుగు మీద పడి ఉన్నారో, ఎవరు ఇంత ముద్ద పెడుతున్నారోనని గొంతులో మెతుకు దిగనిదాన్ని. నా నోరు ఊరుకోలేదు.

"ఒరేయ్ చిన్నోడా... అతను ఎలా ఉన్నాడ్రా? చిక్కిపోయాడా?"

వాడు వెనక్కి తిరిగాడు. కళ్లనిండా నీళ్లు.

"లేదక్కా, బావ బాగానే ఉన్నాడు."

వద్దు వద్దంటూ నేనే అడిగి చెప్పించుకున్నాను. షాపు తలుపులు తెరిచి ఉన్నాయని కూడా చూడకుండా, పిల్లల యూనిఫాంలలో మొహం దాచుకుని భోరుమని ఏడ్చాను.