చుట్టాలు లేని మాట

బాలనర్సయ్య ఇత్తడి రూలును ఒక వరుస కిందికి జరిపి మళ్ళీ టైపు చేయడం మొదలుపెట్టాడు. రూలంటే జానెడు పొడవుండే పట్టీ. అచ్చులో గీత రావడానికి సీసం అక్షరాల మధ్య పెట్టేవారు. నాంపల్లిలో అతడు ఇరవై ఆరేళ్ళు అక్షరాలు కూర్చిన ప్రెస్సు మూతపడినప్పుడు సీసాన్ని తూకానికి అమ్మేశారు. రూలును అతడు చొక్కా జేబులో పెట్టుకుని వచ్చేశాడు. ఇప్పుడు దాన్ని జిరాక్స్ కాగితం మీద చదవాల్సిన వరుస కింద ఆనిస్తాడు.

అది 1999 ఆగస్టు. కొత్తగూడ కూడలి దాటాక లేచిన మేడలో రెండో అంతస్తు. కిటికీల అద్దాలు తెరుచుకోవు. తలుపు కార్డు చూపిస్తేనే తెరుచుకుంటుంది. బయట బండలు పేల్చినప్పుడల్లా అద్దాలు అదురుతాయి.

అక్కడ నలభై మంది ఒక నిఘంటువును కంప్యూటర్లలోకి ఎక్కిస్తున్నారు. ఇంగ్లిషులోని చిన్న చిన్న మాటలు ఎక్కణ్ణుంచి వచ్చాయో చెప్పే పుస్తకం అది. ప్రతి మాట కిందా డచ్చి, జర్మన్, డేనిష్, స్వీడిష్ భాషల్లో దాని చుట్టాలను చిన్న అక్షరాల్లో వేశారు. పుస్తకాన్ని విడదీసి, జిరాక్సులు తీసి కట్టలుగా పంచుతారు. ఏ అక్షరం ఎప్పుడు వస్తుందో తెలియదు. ఒకే పేజీని ఇద్దరు టైపు చేస్తారు, ఒకరు ఈ అంతస్తులో, ఒకరు పై అంతస్తులో. రెండోవారు ఎవరో ఇద్దరిలో ఎవరికీ తెలియకూడదు. కంప్యూటరు రెంటినీ పోల్చి తేడాలు చూపుతుంది. తేడాలు ఎక్కువైనవారు మర్నాటి నుంచి కనపడరు.

బాలనర్సయ్యకు ఆ భాషలేవీ రావు. కాని పద్నాలుగు నెలల్లో ఒక సంగతి పట్టుకున్నాడు. ప్రెస్సులో అతనికి పని నేర్పిన మేస్త్రీది బీదరు, ఇంట్లో కన్నడం. ఆయన పాలను హాలు అనేవాడు. పులిని హులి, పువ్వును హూవు. మన పకారం వాళ్ళింట్లో హకారం. ఇక్కడా అంతే. ఇంగ్లిషు ‘బెడ్’ చివరి డకారం జర్మన్‌కు వెళితే టకారం. ‘టెన్’ మొదటి అక్షరం అక్కడ జెడ్. పై మాట కనిపిస్తే కింది నాలుగూ ఎలా ఉంటాయో వేళ్ళకు తెలిసిపోయేది.

అది అవసరం కూడా అయింది. నిరుడు దసరా ముందు దవాఖానలో చూసి రెండు కళ్ళలోనూ శుక్లాలున్నాయన్నారు. ఆపరేషన్ చేయించుకుంటే ఒక్కో కంటికి నెల రోజులు పనికి రాకూడదు. ఇక్కడ వారం దాటి రానివారి కుర్చీ ఇంకొకరికి పోతుంది. పుస్తకం అయ్యేదాకా ఉన్నవారిని పర్మనెంట్ చేస్తామన్నారు. పర్మనెంట్ అయితే సెలవు అడగవచ్చు. ఇంకా రెండు నెలల పని ఉంది. సంగతి భార్య వీరలక్ష్మికి తప్ప ఎవరికీ తెలియదు. రోజూ పొద్దున ఆమె శేరిలింగంపల్లి స్టాపు దాకా వచ్చి బస్సు నంబరు చూసి చెబుతుంది.

“గిట్ల ఎన్నొద్దులు దాస్తవు?” అని ఈ రోజు కూడా అడిగింది.

“రెండు నెల్లు.”

“దసర కాడికెల్లి గిదే మాట.”

“ఇగ ఊకో. బస్సేదో చూడు.”

మధ్యాహ్నం వచ్చిన కట్టలో జిరాక్సులు పాలిపోయి ఉన్నాయి. పక్క కుర్చీలో కూర్చునే దినేశ్ ఒక కాగితాన్ని ట్యూబులైటుకు ఎత్తి పట్టాడు.

“ఏందే నర్సన్నా, ఉతికి ఆరేసినట్లున్నయి. నీకు కనవడుతున్నయా?”

“కనవడకేంది? కొట్టు.”

“నీకేం ఫికరన్నా. నీ వేళ్ళకే కండ్లున్నయి.”

బాలనర్సయ్య నవ్వాడు. ‘బర్చ్’ అనే చెట్టు పేరుకు నాలుగు చుట్టాలను కొట్టాడు. తర్వాతి మాట ‘బర్డ్’. దాని కింద చిన్న అక్షరాల వరుస ఒక చారలా ఉంది. రూలు ఆనించాడు. వంగాడు. దినేశ్ చూస్తాడని మళ్ళీ నిటారుగా కూర్చున్నాడు. వేళ్ళు ఆగలేదు. జర్మన్ దగ్గర డకారాన్ని టకారం చేశాయి. నాలుగు మాటలయ్యాయి. రూలు కిందికి జరిగింది.

నాలుగున్నరకు నీహారిక వచ్చింది. అతని బృందాన్ని చూసేది ఆమే. వయసు ఇరవై ఆరు. చేతిలో ఆ పేజీ ఉంది.

“బాలనర్సయ్యగారూ, ఇది మీరు చేసిందేనా అండీ?”

“నేనే మేడం.”

“ ‘బర్డ్’ కింద నాలుగు మాటలు కొట్టారు. పైనవాళ్ళు కొట్టిన దాంట్లో లేవండి. పుస్తకంలోనూ లేవు.”

“ఉంటయి మేడం. అన్నిటికీ ఉంటయి గద.”

“దీనికి లేవండి. మీరే చదవండి.”

ఆమె కాగితాన్ని బల్ల మీద పెట్టింది. అతడు అలవాటుగా రూలును ఆ వరుస కింద ఆనించాడు. ముఖం దగ్గరికి తెచ్చాడు. దూరం జరిపాడు. దినేశ్ టైపు చేయడం ఆపాడు.

“ఏమని ఉన్నది మేడం?” అని బాలనర్సయ్య అడిగాడు.

నీహారిక పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చుంది.

“తక్కిన భాషల్లో దీనికి చుట్టాలు లేరని ఉందండి. ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదట.”

“ఒక్కటి గూడ లేదా?”

“లేదండి. కళ్ళు చూపించుకున్నారా?”

“చూపిచ్చిన. నిరుడే.”

“మరి చెప్పలేదేం?”

“చెప్తే కుర్సీ ఉండది గద.”

ఆమె గదికి ఆ చివరనున్న మేనేజరు అద్దాల గది వైపు చూసింది. తేడాల జాబితా అప్పటికే అక్కడికి వెళ్ళింది.

“ఇప్పుడు నేను చెప్పకపోతే నాది ఉండదండి,” అంది గొంతు తగ్గించి.

“చెప్పున్రి మేడం. మీరేం జేస్తరు.”

ఆమె వెళ్ళి పది నిమిషాల్లో తిరిగి వచ్చింది. కార్డు కోసం చేయి చాపింది. అతడు మెడలోంచి కార్డు తీసి ఇచ్చాడు. టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకున్నాడు. కీబోర్డు మీద గుడ్డ కప్పాడు.

“జల్ది పోతున్నవేందన్నా?” అన్నాడు దినేశ్.

“బస్సు నంబరు కనవడది. స్టాపుల చెప్పెటోళ్ళు ఎవరన్న ఉన్నప్పుడే పోవాలె.”

కార్డు లేదు గనక తలుపు నీహారికే తెరిచింది. అతడు గోడ పట్టుకుని మెట్లు దిగాడు. మెట్ల మలుపు దగ్గర చొక్కా జేబు తడుముకున్నాడు, కాని వెనక్కి రాలేదు.

తలుపు మూసుకుంది. నీహారిక ఆ పేజీని మళ్ళీ కొట్టమని దినేశ్‌కు చెప్పి వెళ్ళింది. అతడు కాగితాన్ని తన వైపు లాక్కున్నాడు. ఇత్తడి రూలు దాంతోపాటే వచ్చింది, ఆ చిన్న అక్షరాల వరుస కిందే, వంకర పోకుండా.